వాపసుగారు అడిగిన రెండో సంతకం

దొరికిందండీ! మా అమ్మాయి వెతికే నక్షత్రం దొరికింది! పెద్ద నక్షత్రం పక్కన చిన్నదొకటి ఉందని రెండేళ్లుగా మొత్తుకుంటోంది కదా, ఉంది! తను చెప్పిన చోటే, తను చెప్పినంత దూరంలోనే ఉంది! ఈ పొద్దున్నే ఫోన్ వచ్చింది.

క్షమించండి. ఇది సంతాప సభ అని నాకు తెలుసు. ఎదురుగా ఆయన ఫోటో ఉంది. ముందు వరసలో ఆయన భార్య, మా వదినగారు, కూర్చుని ఉన్నారు. ముందు నమస్కారం పెట్టాలి, పోయినాయన గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఈ కబురు చివర్లో ఎక్కడో మెల్లగా చెప్పాలి అని మెట్లెక్కుతూ మూడుసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. నోరు ఆగలేదు. ఏం చేయను? అరవై ఏళ్ల నోరు. కానీ వదినా, ఈ సంతోషం మీ ఆయన పెట్టిన భిక్ష. అందుకే ఇంకెక్కడా చెప్పకుండా ఇక్కడికే పట్టుకొచ్చాను.

సభకు నమస్కారం. డైరెక్టరుగారికి, కమిటీ పెద్దలకు, టెలిస్కోపు నడిపే పిల్లలకు, వంటగది వాళ్లకు, జీపు డ్రైవర్లకు, కొండ కింది నుంచి వచ్చిన ఆయన బంధువులకు, అందరికీ నమస్కారం. టెలిస్కోపు అద్దం కడిగే వారం కాబట్టి ఇంతమందిమి ఒక్కచోట కూర్చోగలిగాం. లేకపోతే ఇక్కడ సగంమంది మేలుకుంటే సగంమంది నిద్రపోతారు. ముప్ఫై ఏళ్లు టెలిస్కోపు మీది గుండ్రటి కప్పుకి, ఆ డోమ్ చక్రాలకు గ్రీజు పెట్టినవాణ్ణి, నాకు తెలియదా?

నన్ను మాట్లాడమని చీటీ పంపారు. దాచుకోవడం ఎందుకు, దాన్ని కూడా అనుమానించాను. ఇంతమంది చదువుకున్నవాళ్లు ఉండగా మెకానిక్కుని ఎందుకు పిలిచారు? ఎవరు చెప్పారు? ఏం తెలుసు వీళ్లకి? చీటీ వెనక్కి తిప్పి కూడా చూశాను. వెనక ఏమీ లేదు. నా బుద్ధి అలాంటిది. ఆ బుద్ధి గురించే ఈ రోజు చెప్పాలి.

పోయినాయన్ని మనమందరం వాపసుగారు అనేవాళ్లం. వదిన నవ్వుతున్నారు, ఇంట్లో కూడా తెలుసన్నమాట. బయటి నుంచి వచ్చినవాళ్ల కోసం చెబుతాను. ఎక్కడెక్కడి యూనివర్సిటీల వాళ్లో ఫలానా నక్షత్రం మా కోసం చూసిపెట్టండి అని మనకి ఫారం పంపుతారు. వాళ్లు ఇక్కడికి రారు. మనవాళ్లే టెలిస్కోపు తిప్పి, చూసి, తీసిన బొమ్మలు వాళ్లకి పంపుతారు. దీన్నే సర్వీసు పరిశీలన అంటారు. ఆ ఫారాల గదికి ఇరవై ఆరేళ్లు ఈయన పెద్ద. ఫారంలో ఒక్క గడి ఖాళీగా ఉందా, వాపసు. అంకె మీద అంకె దిద్దారా, వాపసు. సంతకం గీత దాటిందా? దానికి మాత్రం వాపసు లేదు, కానీ ఎర్ర పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేవాడు. ఎందుకయ్యా అంటే, "తర్వాత ఎవరైనా అడిగితే నేను చూశానని తెలియాలి కదా" అనేవాడు.

మన పాత డైరెక్టరుగారి ఫారం కూడా వాపసు పంపాడు. గుర్తుందా? ఆకాశంలో చిరునామా రాసేటప్పుడు అది ఏ ఏడాది లెక్కో కూడా రాయాలి. మన ఇళ్ల చిరునామాలా ఉండదు అది. భూమి తల తిప్పుతూ ఉంటుందట, దాంతో అంకెలు మెల్లగా జరుగుతాయట. పాత లెక్క ఒకటి, కొత్త లెక్క ఒకటి. ఏదో చెప్పకపోతే టెలిస్కోపు చంద్రుడి వెడల్పంత పక్కకి పోయి, ఇంకెవరి గుమ్మం ముందో నిలబడుతుంది. డైరెక్టరుగారు ఆ ఏడాది గడి నింపలేదు. ఈయన ఫారం మడిచి, కవరులో పెట్టి, పక్క గదిలో ఉన్న మనిషికి పోస్టులో పంపాడు! డైరెక్టరుగారు మనం భోంచేసే ఈ గదిలోకే వచ్చి, చేతిలో టీ గ్లాసు పట్టుకుని, "ఏమయ్యా వాపసూ, గోడ కొడితే పలుకుతాను కదా" అన్నారు. ఈయన లేచి నిలబడి, "గోడకి నంబరు లేదండీ" అన్నాడు. ఆ రోజు వంటగది వాళ్లు నవ్విన నవ్వు నాకు ఇంకా చెవుల్లో ఉంది.

అలాంటి మనిషిని నేను అనుమానించాను. అయ్యా, అమ్మా, రెండేళ్లకు పైగా అనుమానించాను.

అసలు మొదటి నుంచీ నాకు ఆ గది మీద గురి లేదు. ఫారం రాగానే పేరున్న మొదటి పేజీ చించేస్తారు. మిగతా కాగితాలకి నంబరు వేసి కమిటీకి పంపుతారు. పేరు పేజీ అప్పుడే, అసలు ఫారం టెలిస్కోపు పని అయ్యాక, ఇనప బీరువాలోకి, సీలు కిందికి. ఏడాది చివర లెక్క చూసేదాకా ఎవరూ తెరవకూడదు. ఎవరి ఫారమో తెలిస్తే మొహమాటం వస్తుందట, అందుకట. నేను నమ్మానా? పేరు చించడం ఏమిటి? మంచిపని చేసేవాడికి పేరు దాచాల్సిన అవసరం ఏమిటి? ఇలా అనుకునేవాణ్ణి.

నాకు కాగితమంటే భయం అండీ. చదివింది ఐదో తరగతి. ఒకప్పుడు స్టోరు గదిలో ఎవరో వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టాను. నెల తిరక్కుండా గుమ్మం ముందు పంపు ఉన్న క్వార్టరు పోయి, కొండ చివరి క్వార్టరు వచ్చింది. ఆ కాగితంలో "నా ఇష్టపూర్వకంగా" అని రాసి ఉందట. మా ఆవిడ నెల రోజులు నీళ్ల బిందె చంకన పెట్టుకుని, "మీ ఇష్టం మోస్తున్నాను" అని దెప్పేది. అప్పటి నుంచి ఎవరైనా కలం మూత తీస్తే నేను రెండడుగులు వెనక్కి వేస్తాను.

మా అమ్మాయి ఈ కొండ మీదే పెరిగింది. చదువుకుని, దూరాన యూనివర్సిటీలో చేరి, ఈ టెలిస్కోపుకే ఫారం పంపింది. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను! పరుగున ఫారాల గదికి వెళ్లాను. "బావా, మా అమ్మాయిది వస్తోంది, కాస్త చూసుకో" అన్నాను. వరసకి మేము ఏమీ కాము, కానీ ఇరవై ఏళ్లుగా బావా అంటే బావా అనుకునేవాళ్లం, వరస కలవకపోయినా ఆవిడ నాకు వదినే. ఆయన చేతిలో పెన్సిల్ కింద పెట్టేశాడు. "బావా, నంబరు చెప్పకు. నీకు తెలిసినా నోట్లోనే ఉంచుకో. సిబ్బంది బంధువుల ఫారాలు నేను తెరవకూడదు, లైబ్రరీ ఆవిడ తెరుస్తుంది. వరస వచ్చేదాకా ఈ గదివైపు రాకు" అన్నాడు.

ఇరవై ఏళ్ల స్నేహితుడు అనాల్సిన మాటేనా అది? గది దాటి వచ్చానే గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకు రావద్దంటున్నాడు? ఏం చేయబోతున్నాడు?

తర్వాత జరిగింది మీకు తెలుసు. మా అమ్మాయికి పంపిన బొమ్మల్లో తను అడిగిన నక్షత్రమే లేదు. వేరే ఆకాశం. మిషను అచ్చు వేసిన చీటీలో పాత ఏడాది లెక్క అని ఉంది, కింద "అభ్యర్థి ఇచ్చిన చిరునామా ప్రకారం" అని ఎప్పుడూ ఉండే వాక్యం ఉంది. తప్పు మా అమ్మాయిదే అన్నారు. తను కొత్త ఏడాదే రాశాను, నా దగ్గర నకలు ఉందని ఉత్తరం రాసింది. అసలుది సీలు కింద ఉంది, నకలు ఎప్పుడైనా రాసుకోవచ్చన్నారు. తన పేరు పక్కన "ఫారం నింపడంలో నిర్లక్ష్యం" అని చేరింది. తర్వాత పంపిన రెండు ఫారాలూ వరసలో అట్టడుగుకి పోయాయి. "నాన్నా, ఈ నక్షత్రం వదిలేయమంటున్నారు. బడిలో పాఠాలు చెప్పుకుంటాను" అంది ఫోన్లో. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

ఇక నా అనుమానానికి కాళ్లు వచ్చాయి. అమ్మాయి కొత్త ఏడాది రాసింది. పైకి వచ్చేసరికి పాత ఏడాది అయింది. మధ్యలో ఉన్నది ఏ గది? ఆ గది తాళం ఎవరి దగ్గర? నన్ను రావద్దన్నది ఎవరు? ఇంకేం కావాలి నాకు? మా అమ్మాయి ఎదగడం చూడలేక అంకె మార్చేశాడని తేల్చేశాను. బావా అనడం మానేశాను. మీరు, మాస్టారూ, చిత్తం అనడం మొదలుపెట్టాను. ఆ మీరు అనే మాట ఆయనకి ఎంత గుచ్చుకుందో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

నేను ఊరుకోలేదు కూడా. మా చుట్టాల్లో ఎవరికి ఫోన్ చేసినా ఇదే పురాణం. దొంగ అన్నాను. కడుపుమంట మనిషి అన్నాను. వదినా, మీ ఎదురుగానే చెబుతున్నాను, అన్నాను.

ఆ ఏడాది చివర ఆయన మా ఇంటికి వచ్చాడు. చేతిలో కాగితం. "బావా, మీ అమ్మాయి ఫారం గురించి. కూర్చుని చదివి, రెండో సంతకం పెట్టు" అన్నాడు. అంతే! కలం కనబడగానే నాకు పాత క్వార్టరు కనబడింది. అమ్మాయిదే తప్పని కన్నతండ్రి చేతే రాయించుకోవడానికి వచ్చాడనుకున్నాను. "మా ఇంట్లో చదివేవాళ్లు లేరు మాస్టారూ, తమరు దయచేయండి" అన్నాను. నేను తలుపు మూస్తుంటే ఆయన చెప్పు గుమ్మంలో ఉండిపోయింది. వంగి చెప్పు తీసుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ లైబ్రరీ ఆవిడతో కవరు పంపాడు. కవరు దీపానికి పెట్టి చూశాను, ఏమీ కనబడలేదు, చింపకుండానే తిప్పి పంపాను. వాపసుగారికే వాపసు పంపానని పది మందితో గొప్పగా చెప్పుకున్నాను. మీలో కొందరు నవ్వారు కూడా. ఇప్పుడు తలలు వంచుకోకండి, మీకేం తెలుసు?

ఇంకోసారి బస్సు కోసం నిలబడి ఉంటే పక్కన వచ్చి నిలబడ్డాడు. బస్సు వచ్చే మలుపు వైపు చూశాడు. తర్వాత, "బావా, తప్పు నాది" అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "నోటితో ఎవరైనా అంటారు మాస్టారూ, కాగితంలో ఏం రాశారో ఎవరికి తెలుసు?" అన్నాను. "అందుకే చదవమంటున్నాను కదా" అన్నాడు. బస్సు వచ్చింది. నేను ఎక్కేశాను. ఆయనా అదే బస్సు ఎక్కాలి. ఎక్కలేదు.

ఆయన పోయారని తెలిసిన రోజు నేను కొండ దిగలేదు. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పాను.

పది రోజులు పోయాక ఫారాల గదిలో కొత్తగా చేరిన అమ్మాయి మా ఇంటికి వచ్చింది. అదిగో, ఆ చివర కూర్చుంది. ఆయన పెండింగు జాబితాలో మొదటి కాగితం ఇదేనండీ అంది. అప్పుడూ అనుమానమే. మనిషి పోయినా కాగితం నా వెంట పడుతోందేమిటి అనుకున్నాను. గుమ్మం బయటే నిలబెట్టి చదివించాను. రెండోసారి చదివించాను. అది చాలక, కాగితం పట్టుకుని ఈ అమ్మాయిని వెంటబెట్టుకుని, పక్కింటి టైలరు దగ్గరికి వెళ్లి ఆయన చేత వేరే చదివించాను. మూడుసార్లూ ఒకటే అక్షరం.

అందులో ఏముందో వినండి. ఆ రాత్రి చూడాల్సిన మనిషికి జ్వరం వస్తే ఈయన కూర్చున్నాడు. అంకెలు ఈయన పైకి చదువుతాడు, ఆపరేటరు మిషనులో కొడతాడు. అంతకు ముందు నాలుగు ఫారాలూ పాత ఏడాది లెక్కవి. ఐదోది కొత్త ఏడాది. నోటి అలవాటున పాత ఏడాదే చదివేశాడు. నక్షత్రాల పటంతో సరిచూడాలి, మబ్బు కమ్ముకొస్తోందని తొందరపడ్డాడు, ఎదురుగా అలాంటిదే ఒక చుక్క కనబడితే అదే అనుకున్నాడు. అంతే. ఎవరూ అంకె మార్చలేదు. ఎవరి కడుపూ మండలేదు. ఏడాది చివర సీలు తీసి అసలు ఫారం చూసి తన తప్పు తనే పట్టుకున్నాడు. పట్టుకున్నప్పుడు అది ఎవరి ఫారమో కూడా ఆయనకి తెలియదు. తప్పు రాసి, సంతకం పెట్టాక, పేరు పేజీ తీస్తే మా అమ్మాయి పేరు!

మరి నేరుగా కమిటీకి ఇవ్వొచ్చు కదా? ఇవ్వకూడదు. ఫారాల గది తన తప్పు ఒప్పుకుంటే, ఆ రాత్రి అక్కడున్న ఇంకో మనిషి చదివి సంతకం పెట్టాలి. లేకపోతే ఆ కాగితం చెల్లదు. పెద్దవాళ్ల తప్పు చిన్నవాళ్ల చేత ఒప్పించకుండా ఈ నియమం పెట్టించింది ఎవరు? ఈయనే. ఆపరేటరు ఉద్యోగం మానేసి ఎటో వెళ్లిపోయాడు, రాసిన ఉత్తరాలన్నీ తిరిగి వచ్చాయి. ఇంక ఆ రాత్రి పైన ఉన్నది ఎవరు? డోమ్ తలుపు చక్రం పట్టేసిందని పిలిస్తే వెళ్లి, నిచ్చెన మీద నిలబడి, ఆయన చదివిన ప్రతి అంకే విన్నది ఎవరు?

నేనండీ.

మూడు నెలలకోసారి పెండింగు కాగితాల మీద కారణం రాయాలి. ఏడుసార్లు రాశాడు. నేను తలుపు మూశానని రాయలేదు. కవరు తిప్పి పంపానని రాయలేదు. ఏడుసార్లూ ఒకటే మాట: "సాక్షి ఇంకా చదవలేదు."

ఇంకా, అన్నాడు చూడండి.

నేను సంతకం పెట్టాను. గీత దాటింది. ఎర్ర చుక్క పెట్టడానికి ఆయన లేడు. కమిటీ కూర్చుంది, మచ్చ చెరిపింది, పాత ఫారానికి పాత నంబరుతోనే వరస ఇచ్చింది. అద్దం కడగడానికి మూసేముందు చివరి రాత్రి ఆకాశం తెరిపి ఇచ్చింది. ఈ పొద్దున్న మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, ఉంది నాన్నా! ఉంది!" అని అరిచింది. నేను నమ్మలేదు. ఎవరో గొంతు మార్చి ఆటపట్టిస్తున్నారేమో అని ఫోన్ పెట్టేసి నేనే తిరిగి చేశాను. తనే! నవ్వుతోంది, ఏడుస్తోంది, ఏం మాట్లాడుతోందో తనకే తెలియదు. నేను వంటింట్లోకి పరిగెత్తి మా ఆవిణ్ణి గిరగిరా తిప్పేశాను. ఈ వయసులో! నడుం పట్టేసింది, పట్టనీ!

అదే ఫోన్లో తను ఒక మాట అడిగింది. "నాన్నా, కమిటీ ఉత్తరంలో సాక్షి సంతకం ఆలస్యమైంది అని ఉంది. రెండేళ్లు ఆపారట. ఎవరు నాన్నా ఆ సాక్షి?" అని. నేను, "ఏమో అమ్మా, కనుక్కుంటాను" అన్నాను.

అయ్యలారా, అమ్మలారా, ఇంక లేచి నిలబడండి. ఆయన కోసం రెండు నిమిషాలు ఎవరమూ మాట్లాడవద్దు. యముడి కాగితంలో కూడా ఏదో ఒక గడి ఖాళీ ఉండే ఉంటుంది, బావ కళ్లజోడు పెట్టుకుని ఉంటే వాపసు పంపేవాడే. వదినా, మీరు కూర్చోండి, మీకు మోకాళ్ల నొప్పి. మీరు మౌనంగా నిలబడండి, నేను ఎవరెవరికి చెప్పాలో మనసులో లెక్క పెట్టుకుంటాను. నక్షత్రం దొరికిందనీ చెప్పాలి, ఆయన దొంగ కాడనీ చెప్పాలి. రెండూ కలిపే చెప్పాలి.

మా పెద్దక్క, అందరికంటే ముందు ఆవిడకే చెప్పుకుని ఏడ్చాను కాబట్టి. మా బావమరిది, నేను చెప్పింది వాళ్ల ఆఫీసంతా పంచాడు. మా తోడల్లుడు, నేను తలుపు మూసిన రోజే "నువ్వు ఆ కాగితం చదివావా?" అని అడిగి నా చేత తిట్లు తిన్నాడు. మా మేనత్త, చెవులు వినపడవు, వీధంతా వినేలా అరవాలి. మా పిన్ని కొడుకు. మా తమ్ముడూ, మరదలూ. వాపసుగారి అల్లుడు, మామగారు ఏదో తప్పుడు పని చేశారటగా అని నన్నే అడిగితే కాదనకుండా ఊరుకున్నాను. వాపసుగారి చెల్లెలు, ఆ మూడో వరసలో ఉన్నావిడ, విన్నారు కదమ్మా.

తర్వాత, సాయంత్రం బస్సుకి దిగే మా అమ్మాయి.